ఎర్ర లైటు మీద నల్ల టేపు

మా బావ కారుకు ఆ డబ్బా బిగించింది నేనే. ఎప్పుడో ఒకప్పుడు చెప్పక తప్పని మాట కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇంకొకరి మీదికి నెట్టేద్దామన్నా అక్కడ ఇంకొకరు లేరు. కిష్టారెడ్డిపేటలో అక్కావాళ్ల ఇంటి ముందు, ఒక ఆదివారం పొద్దున, రెండుసార్లు చాయ్ తాగి, బావతో పరాచికాలాడుతూ చేసిన పని అది.

నాది గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. రియాక్టర్లలో వేడి ఎంతుందో, ఒత్తిడి ఎంతుందో చెప్పే పరికరాలుంటాయి. అవి నిజం చెబుతున్నాయా లేదా చూడటమే నా పని. పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాను. మా చుట్టాలకు ఇదంతా పట్టదు. వాళ్ల లెక్కలో నేను కరెంటు పని తెలిసినవాణ్ని. ఎవరింటికి పోయినా మంచినీళ్లివ్వక ముందే తిరగని ఫ్యాను చూపిస్తారు. పైకి విసుక్కునేవాణ్ని గానీ లోపల నాకది గొప్పగానే ఉండేది. జరిగినదాంట్లో ఆ గొప్పకు కూడా వాటా ఉంది.

బావ తన సొంత కారును ఒక ట్రావెల్స్ కింద పెట్టి, మా పక్క ఫ్యాక్టరీ స్టాఫు కోసం నడిపేవాడు. పొద్దున్నే ఖాళీ బండితో సంగారెడ్డి పోయి నలుగురు ఆఫీసర్లను ఎక్కించుకోవాలి. ముత్తంగి దగ్గర రింగురోడ్డెక్కి, టైముకు వాళ్లను గేటు ముందు దించాలి. ఆ నలుగురూ ఒక్కనాడు కూడా చెప్పిన టైముకు ఇంట్లోంచి బయటపడరు. ఆలస్యం వాళ్లది, దాన్ని రోడ్డు మీద పూడ్చాల్సింది బావ. అలా పూడ్చినప్పుడల్లా ఫోనుకు పోలీసులు తీసిన ఫోటో వచ్చేది, కారు నంబరుతో, స్పీడుతో సహా. చివరికి ట్రావెల్స్ ఓనరు పిలిచి, ఇంకొక్క ఫోటో వస్తే నీ బండి తీసేసి వేరేవాళ్ల బండి పెట్టుకుంటానని తేల్చేశాడు.

బావకు ప్రతి కష్టానికీ ఒక మిషన్ ఉంటుందని నమ్మకం. ఈ కష్టానికి కూడా ఒకటి సంపాదించాడు. దుబాయి నుంచి వచ్చిన దోస్తు ఎవరో ఇచ్చాడట, సబ్బుపెట్టెంత నల్ల డబ్బా. ముందెక్కడన్నా పోలీసుల స్పీడు గన్ను ఉంటే దాని తరంగాలను పసిగట్టి కుయ్యిమని అరుస్తుంది. రాడార్ డిటెక్టర్ అంటారు. అది చట్టానికి ఒప్పుతుందో లేదో మేమిద్దరం అడగలేదు. అడిగితే ఏం జవాబొస్తుందో ఇద్దరికీ తెలుసు.

"సిగరెట్ లైటర్ సాకెట్ల పెట్టుకుంటే అయిపోతది గద బావా" అన్నాను.

"దాంట్ల సార్లు ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటరు. ఇగ వైరు ఏలాడుతుంటే పోలీసోడు ఊకుంటడా? లోపల్నించి పట్టుకురా. నీకు రాని పనా బామ్మర్ది?"

ఆ చివరి మాటతో నేను పడిపోయాను.

డబ్బాను వెనక్కి చూసే అద్దం వెనకాల అంటించాను. వైరును పైకప్పు బట్ట అంచులోకి దూర్చి, తలుపు పక్క కంబం మీదుగా కిందికి దింపి, స్టీరింగు కింద ఉన్న ఫ్యూజు బాక్సు దాకా తెచ్చాను. తాళం తిప్పితే కరెంటు రావాలి, తాళం తీస్తే పోవాలి. లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. అలాంటి ఫ్యూజు ఏదో చూసుకుని, దాన్ని పీకి, అక్కడ రెండు ఫ్యూజులు పట్టే చిన్న ముక్క ఒకటి పెడితే ఒకటి పాత పనికి, రెండోది కొత్త డబ్బాకు. ఏ ఫ్యూజు దేనిదో చెప్పే కాగితం బాక్సు మూత లోపల ఉంటుంది. బావ కారుకు మూతే లేదు. టెస్ట్ ల్యాంపు పెట్టి ఒక్కొక్కటే చూశాను. అంచున ఉన్న ఒకటి తాళంతో వస్తోంది, తాళంతో పోతోంది, చేతికి కూడా అందుతోంది. దాన్నే తీసుకున్నాను.

తాళం తిప్పగానే డబ్బా వెలిగింది. బావ చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత చూస్తే స్పీడు ముల్లు పక్కన ఒక ఎర్ర లైటు కూడా వెలిగి, ఆరకుండా అలాగే ఉండిపోయింది. కూర్చున్న మనిషి, అతని ముందు ఒక గుండ్రటి బంతి.

"గదేంది? బెల్టుదా?" అన్నాడు బావ.

"కాదు, ఎయిర్‌బ్యాగ్‌ది. నేను దాని ఫ్యూజే ముట్టుకున్నట్టున్న. కాంటాక్టు సరిగ కూసుంటలేదు."

"మరెట్ల? పొద్దుగాల మేనేజర్ సారు ముందటి సీట్లనే కూసుంటడు. గీ లైటు సూస్తే వంద ప్రశ్నలు అడుగుతడు."

ఇంకో ఫ్యూజుకు మార్చాలి. వైరు సరిగ్గా అక్కడిదాకే కోసేశాను కాబట్టి కాస్త పొడుగు కలపాలి, బిగించిన పట్టీలు మళ్లీ ఊడదీయాలి. ఇరవై నిమిషాల పని. లోపల్నించి అక్క, కోడికూర చల్లారిపోతుందని మూడోసారి పిలిచింది. నా జేబులో నల్ల టేపు ఎప్పుడూ ఉంటుంది. గోరంత ముక్క చింపి ఆ లైటు మీద అంటించాను.

"వచ్చే ఆదివారం వచ్చి సక్కగ చేస్త. అప్పటిదాంక గిది కనవడకుంటె సాలు" అన్నాను.

తెలియక చేశానని అందామంటే కుదరదు. ఆ లైటు ఆరలేదంటే, బండి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సంచి తెరుచుకోదని తెలిసే చేశాను. ఇలాంటివి చేయడం నాకు అలవాటు. ఫ్యాక్టరీలో రియాక్టర్ వేడెక్కితే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. కొన్నిసార్లు వేడి సరిగ్గానే ఉన్నా కొలిచే పరికరం పాడై ఊరికే ఆపేస్తుంది. లోపల సరుకు సగంలో ఉంటుంది, షిఫ్టు ఇన్‌చార్జి తల పట్టుకుంటాడు. "జంపర్ వెయ్యవయ్యా, తర్వాత చూసుకుందాం" అంటాడు. అడ్డంగా ఒక వైరు ముక్క కలిపేస్తే పరికరం ఎంత అరిచినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. అలా వేసిన ప్రతిదానికీ ఎర్ర చీటీ కట్టాలి, ఎవరు వేశారో ఎప్పుడు తీస్తారో రాసి సంతకం పెట్టాలి. తీసేదాకా సేఫ్టీ వాళ్లు వెంటపడతారు. నేను వేసిన జంపర్లకు ఏనాడూ ఏమీ కాలేదు. మర్నాడు వెళ్లి తీసేసేవాణ్ని. బావ కారు దగ్గర చీటీ లేదు, సంతకం లేదు, వెంటపడేవాళ్లు లేరు.

చెప్పిన ఆదివారం నాకు డ్యూటీ పడింది. దాని తర్వాతి ఆదివారం పెళ్లి. ఆ పైది గుర్తులేదు. బావ కూడా అడగలేదు, కనపడని లైటు గురించి ఎవరు అడుగుతారు? ఈలోగా డబ్బా మాత్రం అందరికీ నవ్వులాట అయింది. పటాన్‌చెరులో ఒక పెద్ద బట్టల షాపు ముందు, మనిషి దగ్గరికి రాగానే తెరుచుకునే అద్దాల తలుపులున్నాయి. అక్కడికి రాగానే వాటి తరంగాలకు డబ్బా గుండె పగిలేలా అరిచేది. అసలు పోలీసుల దగ్గర మాత్రం నోరు మెదపలేదు. కనుక్కుంటే తెలిసింది, మన దగ్గర వాడే గన్నులు చాలావరకు కాంతితో కొలిచేవి, ఈ డబ్బాకు అవి తెలియనే తెలియవు. ఆ సంగతి బావకు చెప్పాను.

"ఉండనీ బామ్మర్ది. అది ఉంటె నాకు జెర ధైర్నం" అన్నాడు.

పనికిరాని ఆ డబ్బా కోసం పనికొచ్చేదాన్ని నేను మూలకు పెట్టాను. అప్పుడే పీకేసి ఉండాల్సింది. నవ్వేసి వచ్చాను.

అది జరిగింది ఒక మధ్యాహ్నం, మూడు కూడా కాలేదు. ఆ రోజు ఆఫీసర్లు పెందలాడే బయల్దేరితే, వాళ్లను ఇళ్ల దగ్గర దించేసి బావ ఒక్కడే తిరిగొస్తున్నాడు. ముత్తంగి సర్వీసు రోడ్డు మీద, గోదాముల వరుసలో, ఒక కంటైనర్ లారీ గేటులోంచి వెనక్కి వస్తోంది. బావ కారు దాని వెనక మూలకు తగిలింది. బెల్టు పెట్టుకునే ఉన్నాడు. కారు ముందుభాగం కూడా మేము భయపడినంత నుజ్జు కాలేదు. ఛాతీ వెళ్లి స్టీరింగుకు కొట్టుకుంది. ఆస్పత్రిలో రెండు రోజులున్నాడు. రెండో రోజు నన్ను చూసి ఏదో అనబోయాడు, గొంతు రాలేదు. ఆ సాయంత్రమే పోయాడు.

బావ శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. కానీ ఏడుస్తున్నంతసేపూ నా తలలో ఇంకొకటి తిరుగుతోంది. కారు పోలీసు స్టేషన్ వెనక జాగాలో ఉంది, ఇన్సూరెన్స్ తరఫున చూసే మనిషి ఎల్లుండి వస్తాడు.

మర్నాడు పొద్దున, బండి కాగితాలు తెచ్చుకోవాలని చెప్పి స్టేషన్‌కు పోయాను. చనిపోయినవాడి బామ్మర్దినని తెలిసి కానిస్టేబుల్ పాపం కుర్చీ కూడా వేయబోయాడు. "పోయి తెచ్చుకోండ్రి" అని తాళం ఇచ్చాడు. కారులో బావ వాసన ఉంది, ఆయన వాడే సెంటు. డ్రైవరు సీటులో కూర్చోలేక తలుపు బయట మోకాళ్ల మీద వంగి పని చేశాను. టేపు ఊడదీశాను. ఫ్యూజు బాక్సులో నేను పెట్టిన ముక్క పీకేసి, పాత ఫ్యూజును దాని చోట గట్టిగా నొక్కాను. అద్దం వెనక డబ్బా తీశాను, వైరు అంతా లాగి చుట్ట చుట్టాను. బిగించడానికి గంటన్నర పట్టింది. తీయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. వస్తూ వస్తూ దారిలో వాగు వంతెన మీద నా బైకు ఆపి అన్నీ నీళ్లలో పడేశాను.

మా ఫ్యాక్టరీలో ఏదన్నా ప్రమాదం జరిగితే మొదటి రూలు, దేన్నీ ముట్టుకోవద్దు. చుట్టూ తాడు కడతారు, ఫోటోలు తీస్తారు, ఎక్కడ తప్పు జరిగిందో తేలేదాకా స్క్రూ కూడా తిప్పనివ్వరు. కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేది నేనే.

ఇన్సూరెన్స్ తరఫున చూడ్డానికొచ్చిన మనిషి గంటసేపు చూశాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదని రాసుకున్నాడు. ఎందుకు తెరుచుకోలేదంటే, ఫ్యూజు బాగానే ఉంది, వైరింగులో తేడా ఏమీ కనపడటం లేదు, లారీ మూలకు పక్కగా తగలడం వల్ల కావచ్చు అన్నాడు. అది నిజం కూడా కావచ్చు. ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు నిద్రపోయాను.

కానీ జనానికి ఒక కారణం కావాలి. కారులో తప్పేమీ లేదని తేలాక వాళ్లు ఇంకోచోట వెతికారు. బావ ఫోనులో చివరి కాల్ అక్కది. గుద్దుకున్న టైమూ ఆ కాల్ టైమూ దాదాపు ఒకటే. వచ్చేటప్పుడు దోసకాయలు తెమ్మని చేసింది. పోలీసులు ఫోనులో మాట్లాడుతూ నడపడం అని రాసుకున్నారు. పదకొండో రోజు, ఇంటినిండా చుట్టాలుండగా, బావ వాళ్లమ్మ అందరి ముందూ అనేసింది.

"బండి నడిపేటోనికి ఫోన్ జేస్తరా ఎవరన్న? దోసకాయలకు నా కొడుకును తిన్నవ్ గదనే."

అక్క తల ఎత్తలేదు. నేను అన్నం విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. లేచి ఒక్క మాట చెబితే అయిపోయేది. ముద్ద కలుపుతూ ఉండిపోయాను. ఆ ముద్ద మింగాను కూడా. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజు నుంచి అక్క ఎవరికీ ఫోను చేయడం మానేసింది. చేస్తే ఎత్తుతుంది, రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తుంది. తనంతట తాను ఒక్క నంబరు కూడా నొక్కదు. గ్యాసు అయిపోతే నడిచి పోయి చెప్పేది. మా ఊళ్లో అమ్మ నెలల తరబడి కూతురి ఫోను కోసం చూసి, నాతో చెప్పుకుని బాధపడేది. మెల్లగా సర్దుకుంటుందిలే అని అందరికీ నేనే చెప్పేవాణ్ని. అక్క మీద పడ్డ నింద నన్ను కాపాడుతోందని నాకు తెలుసు. తెలిసి కూడా ప్రతి వారం పోయి, అక్క కూతురికి బిస్కెట్లు ఇచ్చి, మంచి తమ్ముడిలా కూర్చుని వచ్చేవాణ్ని.

ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం మా మేనకోడలికి కడుపునొప్పి మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్ల, మెలికలు తిరిగిపోయిందట. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. అక్క రెండు గంటలు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేతిలో ఫోను ఉంది. చివరికి పిల్లే ఆ ఫోను లాక్కుని నాకు చేసింది. నేను పోయి ఆస్పత్రిలో చేర్చాను. అపెండిక్స్, లోపల పగలబోతోందని డాక్టరు అక్కడికక్కడే ఆపరేషన్ చేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే చేయి దాటిపోయేదన్నాడు. పిల్ల బతికింది.

వరండాలో బెంచీ మీద అక్కను కోప్పడ్డాను. అవును, నేనే, కోప్పడ్డాను.

"ఫోన్ చేతుల వెట్టుకొని రెండు గంటలు కూసుంటవా అక్కా? నాకెందుకు చెయ్యలే?"

అక్క నా ముఖంలోకి చూడకుండా అంది. "నువ్వు బండి మీద ఉంటవేమోనని భయమైంది తమ్మీ."

ఆ తర్వాత ఆమె ఏమన్నదో నాకు వినపడలేదు. పిల్లను ఇంటికి తెచ్చిన నాలుగో రోజు మళ్లీ పోయాను. పిల్ల లోపల పడుకుని ఉంది. అక్క వాకిట్లో మెట్టు మీద కూర్చుని మెంతికూర తుంచుతోంది. ఇవాళ చెప్పకుండా వెనక్కి రాకూడదని ఒట్టు పెట్టుకుని పోయాను. అయినా పావుగంట వాతావరణం గురించి మాట్లాడాను.

"అక్కా, బావ పోయింది నీ ఫోన్ వల్ల కాదు" అన్నాను చివరికి.

"ఊకో తమ్మీ. అందరు గట్లనే అంటరు."

"అందరి లెక్క కాదు. నాకు తెల్సు."

"నీకెట్ల తెల్సు?"

చెప్పాను. ఏ ఫ్యూజు పీకానో, లైటు ఎందుకు వెలిగిందో, దాన్ని ఎలా మూశానో. ఇరవై నిమిషాల పని సంగతి, కోడికూర సంగతి, తర్వాత పోయిన ఆదివారాలు, అన్నీ. "బండి ఎందుకు గుద్దిందో నాకు తెల్వదక్కా. గుద్దినంక ఆ సంచి తెరుచుకోవాలె. తెరుచుకుంటె బతుకుతుండెనేమో" అన్నాను. అక్క చేతులు మెంతికూర మీద ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"గా లైటు సంగతి ఆయనకు ఎరికేనా?" అని అడిగింది.

"ఎరికే. నేను చెప్పిన. ఆదివారం చేస్తనన్న."

"అయితె ఆయన గూడ ఊకున్నడు. మీ ఇద్దరు గట్లనే ఉండిరి." కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి నా చేయి పట్టుకుంది. ఏడాదిలో మొదటిసారి నేను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. "కావాలని చెయ్యలేవు గద తమ్మీ. ఎవడు చేస్తడు గట్ల?" అంది. ఇంతేనా, ఇంత సులువా అనిపించింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదా అనుకున్నాను.

అక్కడితో ఆపి ఉంటే నాకు బాగుండేది. కానీ ఆమె చేయి పట్టుకున్నాక దాచబుద్ధి కాలేదు. పోలీసు స్టేషన్ వెనక చేసినదంతా కూడా చెప్పేశాను. టేపు తీసినది, ఫ్యూజు మళ్లీ పెట్టినది, వాగులో పారేసినది.

అక్క మెల్లగా చేయి వెనక్కి తీసుకుంది.

"అంటె ఆ సూడొచ్చినాయన బండి మంచిగున్నదని రాసింది..."

"అవునక్కా."

"అందుకే నా ఫోన్ మీదికొచ్చింది."

ఆమె వీధిలోకి చూసింది. ఎవరో ట్యాంకరు నీళ్లు పట్టుకుంటున్నారు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా, పిల్ల లేవకూడదన్నట్టు, అడిగింది.

"టేపు అంటించినవంటె సరే, ఆయనకు పరేషాన్ ఉండొద్దని. మరి తీసింది ఎవ్వని కోసం తమ్మీ?"

"నా కోసమే, అక్కా" అన్నాను.

ఆమె మెంతికూర గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నేను చీకటి పడేదాకా ఆ మెట్టు మీదే కూర్చున్నాను. లోపల పిల్లకు అన్నం పెడుతున్న చప్పుడు వినపడింది. అన్నానికి నన్ను పిలవలేదు.